పీఎస్పీలో హోమ్‌బ్రూ – మూడవ పాఠం: రాయడానికి ముందు చదివి దాచుకోవడం

గత రెండు పాఠాలలో మీ పీఎస్పీ, అంటే సోనీ వారి చేతి ఆటయంత్రం, ఏ నమూనాకు చెందినదో గుర్తించి, దానిని సోనీ 2015లో విడుదల చేసిన చివరి అధికారిక ఫర్మ్‌వేర్ (యంత్రాన్ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) 6.61కు తీసుకువచ్చాము. ఈ పాఠంలో తొలిసారిగా సోనీ ఆమోదపు డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామును, అంటే హోమ్‌బ్రూను నడుపుతాము. అయితే ఆట ఆడడానికో, మీరు రాసిన చిన్న ప్రోగ్రామును చూసుకోవడానికో కాదు. పరికరం లోపలి జ్ఞాపకశాలను మొత్తంగా చదివి, దాని నకలును భద్రపరచుకోవడానికే ఆ తొలి అవకాశాన్ని వాడుకుంటాము. ఆ నకలు కంప్యూటరులోకి చేరేదాకా పరికరంలో శాశ్వతమైన మార్పు ఏదీ చేయవద్దని నా గట్టి అభ్యర్థన.

ముందుగా యంత్రం ఎలా మేల్కొంటుందో తెలుసుకుందాం. మీట నొక్కగానే ప్రాసెసరు లోపలే చెక్కి ఉన్న, ఎవరూ మార్చలేని చిన్న ప్రోగ్రాము ఒకటి మొదట నడుస్తుంది. అది నాండ్ ఫ్లాష్‌లో, అంటే కరెంటు లేకున్నా చెరిగిపోని లోపలి జ్ఞాపకశాలలో, గూఢలిపిలో ఉన్న ఐపీఎల్ అనే ప్రారంభ ప్రోగ్రామును వెతికి, సరిచూసి, దానికి పగ్గాలు అప్పగిస్తుంది. ఐపీఎల్ తన వంతుగా ఫ్లాష్0 అనే విభాగంలోని వ్యవస్థ ఫైళ్లను ఎక్కిస్తుంది. మీ భాష, గడియారం, నెట్‌వర్క్ వంటి ఎంపికలు ఫ్లాష్1లో ఉంటాయి. ఇవి కాక ఐడీస్టోరేజ్ అనే భాగం ఒకటుంది. నెట్‌వర్క్‌లో పరికరాన్ని గుర్తించే మ్యాక్ చిరునామా, ప్రాంతపు సంకేతం వంటి, ఆ ఒక్క పరికరానికే చెందిన వివరాలు అందులో ఉంటాయి. ఫ్లాష్0 చెడిపోతే అలాంటి ఫైళ్లు మరొకచోట దొరుకుతాయేమో కాని, ఐడీస్టోరేజ్ పోతే దానికి సమానమైనది లోకంలో మరెక్కడా లేదు. అందుకే వేరొకరి పరికరం నుంచి తీసిన నకలు మీ పరికరానికి పనికిరాదు.

మార్పు చేసిన ఫర్మ్‌వేర్లు రెండు తరహాలు. శాశ్వత తరహా ఐపీఎల్‌నే మార్చివేస్తుంది కనుక పరికరం వెలిగించిన ప్రతిసారీ అదే లేస్తుంది. తాత్కాలిక తరహా ఐపీఎల్ జోలికి పోదు. అధికారిక ఫర్మ్‌వేర్ పూర్తిగా లేచిన తరువాత, మీరు మెమరీ స్టిక్ నుంచి ఒక లోడరును నడిపితే, అది నడుస్తున్న వ్యవస్థను ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకశాలలో మారుస్తుంది. వాటిలో కొన్ని తమ సొంత ఫైళ్లను ఫ్లాష్0లో చేర్చుకుంటాయి గాని, సోనీ ఫైళ్లను తుడిచి వాటి స్థానంలో కూర్చోవు. కరెంటు ఆగిపోతే ర్యామ్ ఖాళీ అవుతుంది, పరికరం మళ్లీ అధికారిక దారిలోనే లేస్తుంది. ఏ నమూనా ఉన్నవారైనా తాత్కాలిక తరహాతోనే మొదలుపెట్టాలి.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. బ్యాటరీ మూత తీసి చూడండి. 1000 నమూనాలో 1800, సన్నని 2000, 3000 నమూనాలలో 1200 మిల్లీ యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఉంటుంది. ఇవన్నీ ఇప్పటికి పాతబడినవే. ఏమాత్రం ఉబ్బి ఉన్నా, మూత బిగుతుగా పడుతున్నా ఆ బ్యాటరీని పక్కన పెట్టి, మంచిది దొరికేదాకా ఆగండి. పని మధ్యలో బ్యాటరీ కదిలితే జరిగే నష్టం ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పూడదు. ఛార్జరు కూడా తగిలించే ఉంచండి.

తరువాత లోడరు ఫైళ్లు. ఈ పాఠానికి నేను ఎంచుకున్నది ఆర్క్-4 అనే మార్పు చేసిన ఫర్మ్‌వేర్. దానిని రూపొందించినవారు స్వయంగా ఉంచిన చోటునుంచే దించుకోండి. ఈ మాట మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. 2005 అక్టోబరులో, పాత ఫర్మ్‌వేరుకు తిరిగి వెళ్లే సాధనమన్న పేరుతో ఒక ఫైలు ప్రచారమయింది. నడిపినవారి ఫ్లాష్0లోంచి కీలకమైన నాలుగు వ్యవస్థ ఫైళ్లను తొలగించడమే అది చేసిన పని. ఆ పరికరాలు మళ్లీ లేవలేదు. చేతి ఆటయంత్రాన్ని దెబ్బతీసిన తొలి హానికర ప్రోగ్రాముగా భద్రతా సంస్థలు దానిని నమోదు చేశాయి. ఫైలు పేరు, బొమ్మ చూసి నమ్మడం ఎంత ప్రమాదమో ఆ సంఘటన చూపింది.

పరికరాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు కలిపితే మెమరీ స్టిక్‌లో పీఎస్పీ అనే ఫోల్డరు, దాని లోపల గేమ్, సేవ్‌డేటా అనే ఫోల్డర్లు కనిపిస్తాయి. ఆర్క్_లోడర్ ఫోల్డరును గేమ్‌లోకి, ఆర్క్_01234 ఫోల్డరును సేవ్‌డేటాలోకి యథాతథంగా కాపీ చేయండి. పేర్లలో ఒక్క అక్షరం కూడా మార్చకండి. దించుకున్న మూటలో ఐపీఎల్‌ను మార్చే మరో ఫోల్డరు కూడా ఉండవచ్చు. దానిని ఇప్పుడు కార్డులోకి ఎక్కించనే వద్దు. చేతిలో లేనిదానిని పొరపాటున నొక్కలేము గదా. తీగ తీసివేసి, గేమ్ వరుసలో మెమరీ స్టిక్ తెరిచి లోడరును నడపండి. తెర ఒకసారి నల్లబడి మొదటి పేజీకి తిరిగివస్తుంది. వ్యవస్థ సమాచారంలో 6.61 పక్కన లోడరు పేరు కనిపిస్తే అది పనిచేస్తున్నట్లే.

ఇక్కడ కొత్తవారు తరచుగా తికమకపడే విషయం ఒకటుంది. పవర్ మీటను ఒకసారి పైకి నెట్టి వదిలితే పరికరం నిద్రపోతుంది తప్ప ఆరిపోదు. ర్యామ్‌కు విద్యుత్తు అందుతూనే ఉంటుంది కనుక లోడరు చేసిన మార్పు నిలిచే ఉంటుంది. మీటను కొన్ని సెకన్లు పట్టి ఉంచితేనే పూర్తిగా ఆరిపోతుంది. ఒకసారి అలా ఆర్పి, వెలిగించి, సమాచారపు పేజీలో లోడరు పేరు మాయమైందని కళ్లారా చూసుకోండి. వెనక్కి వెళ్లే దారి తెరిచే ఉందన్న నమ్మకం కలిగాక లోడరును మళ్లీ నడపండి.

ఇక నకలు తీయడం. నాండ్‌ను చదివి ఫైలుగా రాసే హోమ్‌బ్రూ ప్రోగ్రామును గేమ్ ఫోల్డరులో ఉంచి నడపండి. అందులో చదవడం, తిరిగి రాయడం అనే రెండు ఎంపికలు పక్కపక్కనే ఉండవచ్చు. బటన్ నొక్కే ముందు తెర మీది వాక్యాన్ని రెండుసార్లు చదవండి. వచ్చిన ఫైలు పరిమాణాన్ని లెక్కకట్టి సరిచూడవచ్చు. 1000 నమూనాలో నాండ్ 32 ఎంబీ, అంటే 512 బైట్ల పుటలు 65,536. ప్రతి పుటకు దోష సవరణ కోసం మరో 16 బైట్లు ఉంటాయి కనుక ముడి నకలు 65,536ను 528తో గుణించినంత, అంటే 3,46,03,008 బైట్లు ఉండాలి. 2000, 3000 నమూనాలలో నాండ్ 64 ఎంబీ కనుక అది సరిగ్గా రెట్టింపు, 6,92,06,016 బైట్లు. అదనపు బైట్లను వదిలివేసే ప్రోగ్రామైతే 1000కి 3,35,54,432, మిగిలినవాటికి 6,71,08,864 వస్తాయి. ఈ సంఖ్యలలో దేనితోనూ కలవని ఫైలును నమ్మవద్దు.

కంప్యూటరులోకి కాపీ చేసిన తరువాత, కార్డులోని ఫైలుకూ కంప్యూటరులోని ఫైలుకూ షా-256 విలువలు (ఫైలులోని ప్రతి బైటునూ బట్టి లెక్కకట్టే వేలిముద్ర వంటి సంఖ్య) తీసి పోల్చండి. నా మొదటి నకలును నేను ఆ మెమరీ స్టిక్‌లోనే వదిలేశాను. కొన్ని నెలలకు ఆ కార్డు చదవడానికి వీలులేకుండా పోయింది. అప్పటినుంచి రెండు వేర్వేరు చోట్ల నకలు ఉంచుకోవడం, ఫైలు పేరులో పరికరం నమూనా, తేదీ రాయడం అలవాటయింది. మీకు రెండు పీఎస్పీలుంటే ఈ పేర్లు మరింత అవసరం.

ఈ నకలు ఏం చేయగలదో, ఏం చేయలేదో కూడా తెలిసి ఉండాలి. 2007లో బయటపడిన ఉపాయం ప్రకారం, బ్యాటరీలోని క్రమసంఖ్యను ఒక ప్రత్యేక విలువకు మారిస్తే 1000, తొలి 2000 పరికరాలు మరమ్మతు స్థితిలో లేచి, నాండ్‌కు బదులు మెమరీ స్టిక్ నుంచి మొదలవుతాయి. అలాంటి పరికరం పూర్తిగా మూలపడినా నకలును తిరిగి ఎక్కించి బతికించవచ్చు. తరువాతి 2000 బోర్డులలోనూ, 3000లోనూ సోనీ ఆ దారిని మూసివేసింది. అవి లేవకపోతే, నకలు చేతిలో ఉన్నా లోపలికి చేర్చడం సామాన్యులకు సాధ్యమయ్యే పని కాదు. అందుచేత 3000 ఉన్నవారు తాత్కాలిక తరహాలోనే ఉండిపోవడం మేలని నా అభిప్రాయం. వెలిగించిన ప్రతిసారీ లోడరును ఒకసారి నొక్కవలసి రావడం తప్ప వారికి కలిగే లోటు చాలా తక్కువ.

తరువాతి పాఠానికి వచ్చేలోగా మదర్‌బోర్డు రకాన్ని చెప్పే గుర్తింపు ప్రోగ్రామును నడిపి, టీఏ అక్షరాలతో మొదలయ్యే సంఖ్యను నకలు ఫైలు పక్కనే రాసి ఉంచండి. శాశ్వత తరహా మీ పరికరానికి తగునో కాదో ఆ సంఖ్యను చూసే తేలుస్తాము.