శుద్ధి చేసిన మురుగునీటి నుంచి విద్యుత్తు: కొలతల నుంచి ట్రిప్ పరీక్ష వరకు

శుద్ధి కేంద్రం చివరి తొట్టె గోడ దాటి నీరు నురగలు కక్కుతూ నాలాలోకి పడుతుంటే, అక్కడొక టర్బైన్ బిగిస్తే పోలేదా అన్న ఆలోచన చూసిన ఇంజనీరుకు రాకమానదు. అది గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది ప్రధానంగా నీరు పడే ఎత్తు మీద, అంటే ఇంజనీర్లు హెడ్ అనే కొలత మీద ఆధారపడుతుంది. రోజుకు పది లక్షల లీటర్ల నీరు, అంటే ఒక ఎంఎల్‌డీ, ఒక మీటరు ఎత్తు నుంచి పడితే నష్టాలన్నీ పోగా దక్కేది సుమారు 74 వాట్లు. దానితో ఒక సీలింగ్ ఫ్యాను తిరుగుతుంది. ఈ లెక్కను దగ్గర పెట్టుకుంటే కంపెనీల బ్రోచర్లు చూసి మోసపోయే అవసరం ఉండదు.

ఆస్ట్రియాలోని సీఫెల్డ్‌లో శుద్ధి చేసిన నీరు 625 మీటర్ల దిగువకు వెళ్తుంది కనుక, సెకనుకు 250 లీటర్ల ప్రవాహంతోనే 1,192 కిలోవాట్ల సామర్థ్యం సాధ్యమైంది. హైదరాబాద్‌లోని అంబర్‌పేట కేంద్రం సామర్థ్యం 339 ఎంఎల్‌డీ, అంటే సీఫెల్డ్ ప్రవాహానికి పదిహేను రెట్లకు పైగా ఉన్నా, అక్కడ మీటరు హెడ్‌కు పై లెక్కన దక్కగలిగేది 25 కిలోవాట్లే. మైదాన ప్రాంతపు పట్టణాల్లో మనం ఆశించవలసినది, కేంద్ర ప్రభుత్వ వర్గీకరణలో మైక్రో హైడల్ అనిపించుకునే 100 కిలోవాట్ల లోపు యూనిట్‌నే.

మొదట హెడ్‌ను కొలవాలి. కేంద్రంలో ఎక్కడెక్కడ నీరు ఎంత ఎత్తులో ఉంటుందో చూపే హైడ్రాలిక్ ప్రొఫైల్ డ్రాయింగులోని మట్టాలను నమ్మి ఊరుకోకుండా, శుద్ధి అయిన నీటికి క్లోరిన్ కలిపి నిలిపే కాంటాక్ట్ తొట్టె చివరి వియర్ (నీరు పొర్లి దాటే అడ్డుగోడ) మీది నీటి మట్టాన్నీ, నీరు కలిసే నాలా లేదా నది మట్టాన్నీ ఆటో లెవెల్ అనే సర్వే పరికరంతో ఎండాకాలంలో ఒకసారి, వరద రోజుల్లో మరొకసారి తీసుకోవాలి. వేసవిలో 4 మీటర్లున్న హెడ్, నది పొంగినప్పుడు ఒకటిన్నర మీటర్లకు పడిపోతే, యంత్రం ఆగే రోజులను కూడా లెక్కలో చూపించవలసి వస్తుంది. ఇక్కడే మరో ప్రశ్న వేసుకోవాలి. మురుగును లిఫ్ట్ పంపులతో అవసరానికి మించి పైకెత్తడం వల్లనే నీరు బయటికి పడే ఔట్‌ఫాల్ వద్ద అంత ఎత్తు మిగులుతున్నదేమో చూడాలి. అదే నిజమైతే పంపింగ్ హెడ్ తగ్గించడమే మేలు, ఎందుకంటే నీటిని ఎత్తడానికి పెట్టిన ఖర్చులో టర్బైన్ తిరిగి ఇచ్చేది కొంత భాగమే.

తరువాత ప్రవాహం. కేంద్రం పేరు పక్కన రాసిన సామర్థ్యం డిజైన్ అంకె మాత్రమే, నిజంగా వచ్చే నీరు అంతకంటే చాలా తక్కువ ఉండవచ్చు. ప్రవాహాన్ని కొలిచే ఇరుకు కాలువ అయిన పార్షల్ ఫ్లూమ్ దగ్గర ఉన్న అల్ట్రాసోనిక్ మీటరు నుంచి కనీసం ఒక ఏడాది గంటవారీ రీడింగులు తీసి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి, ఎంత ప్రవాహం ఏడాదిలో ఎంత కాలం ఉంటుందో గ్రాఫు గీయాలి. ఉదయం జనం స్నానాలు, వంటలు ముగించుకున్న కొన్ని గంటలకు వచ్చే ఉధృతికి సరిపడా యంత్రం కొంటే, తెల్లవారుజామున అది ఉత్తినే నిలిచి ఉంటుంది. అందువల్ల సగటు ప్రవాహానికి దగ్గరగా ఉండే యంత్రాన్ని ఎంచుకుని, మిగతా నీటిని పక్కకు వదిలేయడం మంచిది.

ఉదాహరణకు రోజుకు సగటున 100 ఎంఎల్‌డీ వస్తున్న కేంద్రాన్ని తీసుకుందాం. అది సెకనుకు 1.157 ఘనపు మీటర్లు, సుమారు 41 క్యూసెక్కులు. దీన్ని 9.81తోనూ, 4 మీటర్ల నికర హెడ్‌తోనూ గుణిస్తే 45.4 కిలోవాట్లు వస్తాయి. టర్బైన్, గేర్‌బాక్స్, జనరేటర్ల నష్టాలు తీసి మొత్తం దక్షతను 65 శాతంగా పట్టుకుంటే 29.5 కిలోవాట్లు మిగులుతాయి. ఏడాదిలో 85 శాతం కాలం నడిస్తే సుమారు 2.2 లక్షల యూనిట్లు, యూనిట్ 7 రూపాయల చొప్పున పదిహేను లక్షల రూపాయల పైచిలుకు. శుద్ధికి ఘనపు మీటరుకు 0.2 యూనిట్ల చొప్పున ఖర్చవుతుందనుకుంటే, ఇది కేంద్రం వాడకంలో 3 శాతం. ఈ మూడు శాతాన్ని దాచకుండా ప్రతిపాదనలోనే రాయాలని నా అభిప్రాయం.

శుద్ధికి ముందున్న నీటితో కూడా విద్యుత్తు తీయవచ్చు. స్విట్జర్లాండ్‌లోని ప్రోఫ్రే కేంద్రంలో 449 మీటర్ల హెడ్‌తో, ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫోర్డ్ సమీపాన ఎషోల్ట్‌లో ఆర్కిమెడీస్ స్క్రూలతో (నీటి బరువుకు తిరిగే పెద్ద మరలతో) అలాగే చేస్తున్నారు. అయితే గుడ్డపీలికలు, వెంట్రుకలు, ప్లాస్టిక్ సంచులు టర్బైన్‌లో తిరిగే చక్రమైన రన్నర్‌కు చుట్టుకునే ప్రమాదం ఉన్నందున, మొదటిసారి ప్రయత్నించేవారు శుద్ధి అయిన నీటికే పరిమితం కావడం మంచిది.

నాలుగైదు మీటర్ల హెడ్‌కు ఆర్కిమెడీస్ స్క్రూ అనుకూలం. నెమ్మదిగా తిరుగుతుంది, చెత్తను సహిస్తుంది, ప్రవాహం సగానికి పడిపోయినా దక్షత పెద్దగా తగ్గదు, కాని స్థలం ఎక్కువ కావాలి. స్థలం ఇరుకైన చోట ఓడ ప్రొపెల్లర్‌ను పోలిన కాప్లాన్ టర్బైన్ పెట్టవచ్చు. సాధారణ పంపును తిరగేసి టర్బైన్‌గా వాడితే ధర తక్కువే గాని, ప్రవాహం మారినప్పుడల్లా దక్షత పడిపోతుంది. వందల మీటర్ల హెడ్ ఉంటే నీటి ధార తాకిడికి తిరిగే పెల్టన్ టర్బైన్ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. ఏదైనా సరే, క్లోరిన్, హైడ్రోజన్ సల్ఫైడ్ తాకిడిని తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలును కోరాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా కట్టవలసినది బైపాస్, అంటే టర్బైన్‌ను తప్పించి నీరు పోయే దారి. టర్బైన్ ఆగిన క్షణంలో నీరు వెనక్కి తన్ని, మడ్డి అడుగుకు దిగే తొట్లయిన క్లారిఫయర్లు పొంగితే శుద్ధి మొత్తం చెడుతుంది. అందువల్ల మోటారు గేటు మీద ఆధారపడకుండా, టర్బైన్‌కు ముందు నీరు నిలిచే ఫోర్‌బే పక్క గోడలోనే స్పిల్ వియర్ కట్టి, కరెంటు లేకపోయినా, మనిషి లేకపోయినా గరిష్ఠ ప్రవాహమంతా దానంతట అదే దాటిపోయేలా చూడాలి. ఆ వియర్ మట్టం కాంటాక్ట్ తొట్టె వియర్ కంటే తగినంత కింద ఉండాలి.

ఇంత చిన్న యూనిట్‌కు ఇండక్షన్ జనరేటర్ (మోటారు లాంటి సాదా జనరేటర్) చాలు. తయారైన విద్యుత్తును కేంద్రంలో శుద్ధి తొట్లకు గాలి పంపే బ్లోయర్లకే ఇచ్చేస్తే అమ్మకం చిక్కులు తగ్గుతాయి, అయితే గ్రిడ్‌కు కలపడానికి డిస్కమ్ అనుమతి, రక్షణ రిలేలు తప్పనిసరి. గ్రిడ్ పోయినప్పుడు లోడు లేక యంత్రం వేగం పెరుగుతుంది కనుక, కరెంటు లేకుండానే పడే బ్రేకు, బరువుతో మూసుకునే గేటు పెట్టాలి.

మూసి ఉన్న గదుల్లోకి, చాంబర్లలోకి గ్యాస్ మీటరు, గాలి పంపే ఏర్పాటు, పైన కాపలా మనిషి లేకుండా ఎవరినీ దించరాదు. అప్పగింత రోజున యంత్రం పూర్తి లోడుతో నడుస్తుండగా ప్రధాన బ్రేకర్‌ను కావాలని ట్రిప్ చేసి, గేటు ఎన్ని సెకన్లలో మూసుకుంది, కాంటాక్ట్ తొట్టెలో నీరు ఎన్ని సెంటీమీటర్లు పెరిగింది అన్నవి నమోదు చేసుకోవాలి. అదే పరీక్షను వర్షాకాలపు గరిష్ఠ ప్రవాహంలో మళ్లీ చేసిన తరువాతే గుత్తేదారుకు చివరి బిల్లు చెల్లించాలి.