మన చేతిలో లేని పనికి మొక్కు మొక్కేదెట్లా

ముప్పై ఏళ్లు హన్మకొండలో బస్సు కండక్టరుగా చేశాను. వేములవాడ, కొండగట్టు, జాతరప్పుడు మేడారం. ఎవరికీ చెప్పని సంగతులు జనం కండక్టరుకు చెప్తారు. దిగిపోతే మళ్లీ కలవడు కదా. పెళ్లై పదేళ్లైనా పిల్లలు లేరని ఒకరు, కొడుకు తాగుడు మానట్లేదని ఒకరు. అందుకే మొక్కుల ముచ్చట వస్తే నాకు నోరు ఆగదు. ఇది పూజారి చెప్పే విధానం కాదు. మా ఇంట్లో చేసింది, బస్సులో చూసింది.

ముందు ఒక కాగితం తీసుకోండి. దేవుడి దగ్గరికి తర్వాత పోదాం.

2022 ఆగస్టులో మా బిడ్డకు ఏడో నెలలోనే కాన్పైంది. బాబు కిలో రెండు వందల గ్రాములు. అద్దాల పెట్టెలో పెట్టారు. మూడో రోజు డాక్టరమ్మ, "మందులు మేం ఇస్తాం, మిషన్ మేం పెడతాం. ఊపిరి మాత్రం వాడే తీసుకోవాలి పెద్దాయనా" అంది. ఆ రాత్రి ఆసుపత్రి మెట్ల మీద కూర్చొని నోట్‌బుక్కులో నిలువుగా గీత కొట్టాను. ఎడమవైపు మేం చేయగలిగినవి: మూడు గంటలకోసారి తల్లి పాలు పిండి లోపలికి పంపాలి. లోపలికి పోయే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. మా బిడ్డ, అంటే బాబు తల్లి, ఏడుస్తూ పస్తుండకుండా చూడాలి. బిల్లుకు పైసలు. కుడివైపు మా వల్ల కానివి రెండే: ఊపిరి, ఒంటి వేడి.

మొక్కు కుడివైపు వాటికే. మా ఆవిడ బిల్లు గురించి కూడా దేవుడికి చెప్పబోతే ఆపాను. దానికి నా బండి ఉంది, అమ్మితే సరిపోతుంది. అమ్మాను కూడా.

ఈ కాగితాన్ని రోజూ చూసుకోవాలి, రాసి మూల పడేస్తే లాభం లేదు. వారం తర్వాత నర్సమ్మ బాబును తల్లి ఎదమీద, చర్మానికి చర్మం ఆనేటట్టు పడుకోబెట్టి పైన గుడ్డ కప్పమంది. కంగారూ పద్ధతి అంటారట. ఆ గుడ్డలోంచి వాడి తల ఒక్కటే కనిపించేది, నిమ్మకాయంత మూతి, టోపీ. గంటసేపటికి కాళ్లు వెచ్చబడ్డాయి. దేవుడి చేతిలో ఉందనుకున్న ఒంటి వేడి మా చేతిలోకి వచ్చింది. కుడివైపు కొట్టేసి ఎడమవైపు రాసుకున్నాను. మిగిలింది ఊపిరి ఒక్కటే.

ఇక ముడుపు. జానెడు కొత్త తెల్లగుడ్డ పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. అందులో పదకొండు రూపాయలు, కొంచెం కుంకుమ పెట్టి మూడు ముడులు వేయాలి. మా ఇంట్లో ఇంతే, మీ ఇంట్లో వేరుగా ఉంటే మీ పద్ధతే చేయండి. దీపం ముందు పెట్టి నోరు తెరిచి చెప్పుకోవాలి. ఎవరి కోసం, ఏం కావాలి, ఏం ఇస్తాం, ఎప్పుడు ఇస్తాం. మనసులో అనుకుంటే రేపటికి మారిపోతుంది. ఇంట్లో ఇంకొకరు వినేటట్టు అనాలి, ఎందుకంటే మన తర్వాత చెల్లించాల్సింది వాళ్లే.

ఏం ఇస్తామనే దగ్గరే చాలామంది బోల్తా పడతారు. సోమవారం వేములవాడ బస్సులో ఒకావిడ రాజన్న గుడిలో కోడెను కట్టే మొక్కు చెల్లించడానికి పోతూ, ఊరంతా భోజనాలు పెడతానని కూడా మొక్కానంది. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిందట. రాజన్న ఆమెను అన్ని పైసలు అడగలేదు, భయంలో ఆమే అనేసింది. ఇంకొకాయన భార్యతో తలనీలాలు ఇప్పిస్తానని మొక్కాడు, ఆమెను అడగకుండానే. బస్సంతా ఆ గొడవే. మన జుట్టు, మన కాళ్లు, మన జేబు. వీటితోనే మొక్కాలి.

మా ఆవిడ మేడారం సమ్మక్కకు మొక్కింది. "వీడు ఇంటికొస్తే వీడెత్తు బంగారం ఇస్తాం తల్లీ." బంగారం అంటే బెల్లం, మన దిక్కు వాళ్లకు చెప్పక్కర్లేదు. కిలోంబావు బెల్లమే కదా అని నేను లోపల సంతోషపడ్డాను. ఆ లెక్క తప్పని తర్వాత తెలిసింది.

మొక్కాక వైద్యం ఆపొద్దు, గోలీలు ఆపొద్దు. మా చుట్టం ఒకాయన ఒక మంత్రగాడిని తీసుకొచ్చాడు. తాయెత్తుకు పదహారు వేలట, పైగా పాలు మాన్పించమన్నాడు. టీ తాగించి పంపించాను. ధర చెప్పేవాడు, భయపెట్టేవాడు, డాక్టరు మాట వద్దనేవాడు, వీళ్లను గడప దాటనివ్వకండి.

మొక్కినా జరగకపోతే? నాకు జరిగింది. మా తమ్ముడికి క్యాన్సర్ వచ్చినప్పుడు కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టాను. తమ్ముడు పోయాడు. ఆ ముడుపు ఎనిమిది నెలలు అటక మీద ఉంది, ముట్టబుద్ధి కాలేదు. చివరికి ఒక రోజు డ్యూటీ మీద పోయినప్పుడు పైకెక్కి, ఆ పదకొండు రూపాయలు హుండీలో వేసి, నా కోపమంతా అంజన్న ముందే చెప్పాను. గట్టిగానే. పక్కన కొబ్బరికాయ కొడుతున్నాయన తిరిగి చూశాడు కూడా. మీకూ కోపం వస్తే అక్కడే చెప్పండి, ఇంట్లో వాళ్ల మీద చూపించకండి.

బాబు నలభై మూడో రోజు ఇంటికొచ్చాడు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. అప్పటికి వాడికి ఏడాదిన్నర. కిరాణా కొట్టు కాంటా మీద కూర్చోబెడితే తొమ్మిదిన్నర కిలోలు తూగాడు. రెండో తక్కెడలో బెల్లం పెడుతుంటే వంగి గీరుకుని తిన్నాడు. పుట్టినప్పటి బరువే లెక్క కదా అని ఆవిడను అడిగితే, ఒక్క చూపు చూసింది. తొమ్మిదిన్నర కిలోలే కొన్నాను.

చంటిపిల్లలతో జాతర నాలుగు రోజుల్లో పోకండి. సమ్మక్క చిలకలగుట్ట నుంచి గద్దె మీదికి వచ్చే గురువారం కాలు పెట్టే సందు ఉండదు. మేం రెండు వారాల ముందే పోయాం. ముందు వేములవాడ రాజన్నను చూసుకున్నాం, మా దిక్కు ఆనవాయితీ. తర్వాత ములుగు దగ్గర గట్టమ్మకు కొబ్బరికాయ. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి. జంపన్న వాగులో వాడికి తలమీద నీళ్లు చల్లాం, అంతే.

తిరిగొచ్చాక ఆ నర్సమ్మకు ప్రసాదం బెల్లం ఇచ్చాను. "ఎంతున్నాడు ఇప్పుడు?" అంది. "తొమ్మిదిన్నర కిలోలు" అన్నాను. తల ఊపి, చిన్న ముక్క నోట్లో వేసుకుని లోపలికి పోయింది. లోపల పెట్టెలో ఇంకొకరు ఉన్నారు.