గుండె చప్పుడుకు చెవి పెట్టడం – 3వ పాఠం: మర్మర్ ఏ సందులో ఉంది?

పోయిన పాఠంలో మామూలు గుండె చప్పుడు వింటూ, 'లబ్-డబ్'లో మొదటి చప్పుడు (లబ్) దగ్గర మాత్రమే టేబుల్ మీద వేలితో తట్టమన్నాను. రెండింటికీ తట్టేస్తున్నారా? మొదట్లో అందరికీ అంతే. ఈ వారం కూడా ముందు రెండు నిమిషాలు అదే చేయండి. తర్వాత మర్మర్ (వాల్వు దగ్గర రక్తం సుడి తిరగడంతో వచ్చే అదనపు శబ్దం) చప్పుళ్ల మధ్య ఏ సందులో ఉందో పట్టుకుందాం.

హెడ్‌ఫోన్స్ సంగతి మళ్లీ చెప్తున్నా. గుండె చప్పుళ్లలో ఎక్కువ భాగం 20 నుంచి 150 హెర్ట్జ్ లోపలే ఉంటుంది. లాప్‌టాప్ చిన్న స్పీకర్లు అంత కింది శబ్దాన్ని పలికించలేవు. నేను థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పుడు హాస్టల్ రూమ్‌లో వారం రోజులు స్పీకర్లోనే విని, మర్మర్ ఫైల్ పాడైందని తీర్మానించాను. ఫైల్‌కు ఏ రోగమూ లేదు.

వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి మీకు దగ్గర్లోనే ఉండొచ్చు, వార్డులో మైట్రల్ స్టెనోసిస్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు ఇరుకైపోవడం) పేషెంటూ ఉండొచ్చు. కానీ ఒక్క మనిషి ఛాతీ మీద పదిహేను మంది వరసగా స్టెతస్కోప్ పెడితే ఆమె గతేం కావాలి? 1968లో మయామీలో గుండె చప్పుళ్లు వినిపించే హార్వీ అనే బొమ్మను తయారు చేసింది కూడా ఇలాంటి ఇబ్బంది తీర్చడానికే. మనకు బొమ్మ అక్కర్లేదు, ఫైళ్లు చాలు.

ఇక పని. మైట్రల్ రిగర్జిటేషన్‌వి (అదే వాల్వు సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారడం) అయిదు, మైట్రల్ స్టెనోసిస్‌వి అయిదు ఆడియో ఫైళ్లు తీసుకోండి. ఒకే వాల్వు, రెండూ బాగా వినబడేది ఎపెక్స్ (గుండె కొన) దగ్గరే. తేడా అంతా సందులో ఉంది. రిగర్జిటేషన్‌లో మర్మర్ మొదటి చప్పుడుకూ రెండో చప్పుడుకూ మధ్య, ఊదినట్టు, సందంతా నిండి ఉంటుంది. స్టెనోసిస్‌ది రెండో చప్పుడు దాటాక వస్తుంది. పక్కింట్లో ఇసుర్రాయి తిప్పుతున్నట్టు, లోగొంతుతో.

ఫైళ్ల పేర్లు మీ రూమ్మేట్‌తో మార్పించండి, ఒకటి నుంచి పది దాకా అంకెలే ఉండాలి. విని, కాగితం మీద జవాబు రాశాకే అసలు పేరు చూడాలి. పేరు చూసి వింటే ఏ మర్మరైనా వినబడుతుంది, అది చెవి గొప్పతనం కాదు. స్క్రీన్ మీద ఈసీజీ గీత నడుస్తుంటే దాన్ని కూడా కాగితంతో మూసేయండి. జవాబు సరిచూసుకోవడానికి మాత్రం అది మంచి సాక్షి: నిటారుగా లేచిన గీత వెంటనే వచ్చేదే మొదటి చప్పుడు.

అందకపోతే ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో టెంపో తగ్గించి వినండి. స్పీడ్ తగ్గించొద్దు, దాంతో శబ్దం శ్రుతి (పిచ్) కూడా దిగిపోయి, ఊదినట్టుండేది ఉరిమినట్టవుతుంది.

నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండెలో మొదటి సందు సుమారు 0.3 సెకన్లు, రెండోది 0.5. పొడుగు సందు ఏదో తేలిగ్గానే తెలుస్తుంది. 120 దాటితే రెండూ ఇంచుమించు సమానమైపోతాయి, అక్కడే టెన్షన్. అప్పుడు వార్డులో అయితే మెడ దగ్గర కెరోటిడ్ రక్తనాళం మీద వేలు పెడతాం, నాడితో పాటు వినబడేది మొదటి చప్పుడు. ఆడియో ఫైల్‌కు మెడ ఉండదు.

చెయ్యి పని కూడా కంప్యూటర్ నేర్పదు. స్టెనోసిస్ మర్మర్‌కు బెల్ (స్టెతస్కోప్‌లో చిన్న గిన్నెలాంటి వైపు) పెట్టాలి, అదీ తేలిగ్గా ఆనించాలి. గట్టిగా నొక్కితే కింది చర్మమే బిగుసుకుని డయాఫ్రమ్ (స్టెతస్కోప్‌లో పొర బిగించిన వైపు) లాగా అయిపోతుంది, ఇసుర్రాయి చప్పుడు మాయం. పేషెంటును ఎడమ పక్కకు తిప్పాలి. "ఎడమ దిక్కుకు మళ్లి పండుకో అవ్వా, గుండె సప్పుడు ఇంటా" అని చెప్పి, ఆమె సర్దుకునేదాకా ఆగండి. "ఇంకెంతసేపు బిడ్డా, చెయ్యి గుంజుతాంది" అందంటే అప్పటికే ఆలస్యం చేశారన్నమాట. పట్టి లేపి కూర్చోబెట్టండి, మిగతాది రూమ్‌కొచ్చి హెడ్‌ఫోన్స్‌లో వినొచ్చు.

పదికి ఎనిమిది సరిగ్గా రాసినవాళ్లు 4వ పాఠానికి రావచ్చు. అందులో అయోర్టిక్ వాల్వు.