కాలేజీ టాయిలెట్లలో ఉచిత ప్యాడ్స్ పెట్టించడం ఎలా?

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో డిగ్రీ చదివే రోజుల్లో, ఒకసారి ఇంటర్నల్ పరీక్ష మధ్యలో నాకు డేట్ వచ్చింది. బ్యాగు హాలు బయట ఉంది. ప్యాడ్స్ ఆఫీసులో ఇస్తారని ఎవరో చెప్పారు. వెళ్తే కౌంటర్ ముందు ఫీజు కట్టే అబ్బాయిల లైను. నోరు పెగల్లేదు. చున్నీ నడుముకు చుట్టుకుని రూముకు వెళ్ళిపోయాను, పరీక్ష పోయింది. ఆఫీసు బీరువాలో ప్యాడ్స్ ఉన్నాయి, నేనే అడగలేకపోయాను. అందుకే ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు ముందుగా చెబుతాను: అమ్మాయి ఎవరినీ అడగకుండా ప్యాడ్ తీసుకోగలగాలి. మిగతా ఏర్పాట్లన్నీ దాన్ని బట్టే చేసుకోండి.

ఉచితంగా ప్యాడ్స్ ఇచ్చే కర్ణాటక ప్రభుత్వ శుచి పథకం 10 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలకు. డిగ్రీలో ఉన్నవాళ్ళు చాలామంది ఆ వయసు దాటేసి ఉంటారు. సర్కారు కాలేజీలో వాళ్ళ కోసం ఎవరో ఒకరు పూనుకోవాల్సిందే.

ముందు టాయిలెట్లు చూడండి

ఒక రోజు మధ్యాహ్నం ఇద్దరు అమ్మాయిలు కలిసి కాలేజీ అంతా తిరగండి. ఏ టాయిలెట్‌లో నీళ్ళు వస్తున్నాయి, ఏ తలుపుకు గడియ ఉంది, ఎక్కడ మూతున్న డస్ట్‌బిన్ ఉందో రాసుకోండి. గడియ లేని చోట ప్యాడ్స్ పెట్టినా లాభం లేదు. ఈ కాగితమే రేపు ప్రిన్సిపాల్‌ ముందు మీ బలం.

డబ్బు లెక్క

జనౌషధి కేంద్రాల్లో సువిధ ప్యాడ్ 2019 నుంచి ఒక్క రూపాయి. కాలేజీలో 600 మంది అమ్మాయిలుండి, నెలకు తలా రెండు తీసుకున్నా 1,200 రూపాయలు. కాలేజీ ఫంక్షన్‌లో శాలువాలకు, పూలదండలకు ఇంతకంటే ఎక్కువే అవుతుంది. బయట షాపులో కొంటే బిల్లు చూసుకోండి. 2018 జూలై నుంచి శానిటరీ ప్యాడ్స్ మీద జీఎస్టీ లేదు.

ప్రిన్సిపాల్‌కు ఒక పేజీ అర్జీ చాలు. ఎన్ఎస్ఎస్ ఆఫీసర్‌ను గానీ మీ మాట వినే మేడమ్‌ను గానీ వెంట తీసుకెళ్ళండి. కాలేజీ మొత్తానికీ అడిగితే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. ఒక్క బ్లాకులో రెండు నెలలు చేసి చూపిస్తామనండి. ఏదైనా కంపెనీ సాయం చేస్తానంటే మెషీన్ బదులు ఏడాదికి సరిపడా ప్యాడ్స్ అడగండి. కాయిన్ వేసే మెషీన్ పాడైతే బాగుచేసేవాళ్ళు దొరకరు, అదే గోడకు ఖాళీగా వేలాడుతుంది.

డబ్బా ఎక్కడ, ఎలా

టాయిలెట్ లోపల, నీళ్ళు చిమ్మనంత ఎత్తులో, మూతున్న ప్లాస్టిక్ డబ్బా. తాళం వద్దు. సంతకాల రిజిస్టర్ అసలే వద్దు. మీద పెద్ద అక్షరాలతో కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో ‘ఉచితం, కావలసినన్ని తీసుకోండి’ అని రాయండి. అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇంకా కన్నడం పట్టుబడని పిల్లకు తన అక్షరాలు కనబడితే ధైర్యం వస్తుంది.

మొదటి వారం డబ్బా మధ్యాహ్నానికే ఖాళీ అవుతుంది. టెన్షన్ పడకండి. ‘దొంగిలిస్తున్నారు, తాళం వేద్దాం’ అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. ఒప్పుకోకండి. నాలుగైదు తీసుకెళ్ళిన అమ్మాయి ఆ రాత్రికి, మరుసటి రోజుకు దాచుకుంటోంది, లేదా ఇంట్లో చెల్లెలికి ఇస్తోంది. అంటే అవసరం మనం అనుకున్నదానికంటే ఎక్కువ ఉందన్నమాట. రేపు ఉంటాయో లేదో అనే భయంతోనూ తీసుకుంటారు. రోజూ నిండుగా కనబడితే ఆ భయం పోతుంది. పేర్లు రాయకుండా, ఎన్ని పెట్టాం, ఎన్ని మిగిలాయి అన్నది మాత్రం రాసుకోండి. రెండు నెలల తర్వాత మిగతా బ్లాకులకు అడగడానికి ఆ అంకెలు కావాలి.

నింపే బాధ్యత ఒక్కరి మీద పెట్టకండి. ఫైనలియర్ అమ్మాయి వెళ్ళిపోగానే పని ఆగిపోతుంది. బ్లాకుకు ఇద్దరు, వాళ్ళలో ఒకరు ఫస్టియర్. స్టాకు తెచ్చే పని అబ్బాయిలూ చేయవచ్చు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

వాడినవి ఎటు?

డబ్బా పెట్టకముందే శుభ్రం చేసే అక్కతో మాట్లాడండి. ఆమెతో చెప్పకుండా మొదలుపెడితే భారం ఆమె మీదే పడుతుంది. పక్కనే కత్తిరించిన న్యూస్‌పేపర్ ముక్కలు, ఒక ఎర్ర పెన్ను పెట్టండి. బెంగళూరు పద్ధతి ప్రకారం వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి, మిగతా చెత్తతో కలపకుండా ఇవ్వాలి. చెత్తను చేత్తో వేరుచేసే పౌరకార్మికులకు ఆ గుర్తే రక్షణ. అక్కకు గ్లౌజులు కూడా ఈ డబ్బుతోనే కొనండి. కాల్చే మెషీన్ల జోలికి నేను వెళ్ళను. మామూలు ప్యాడ్‌లో ప్లాస్టిక్ ఉంటుంది, తక్కువ వేడిలో కాలిస్తే ఆ పొగ అందరూ పీల్చాలి.

నాలుగైదు గంటలకొకసారి మార్చుకోవాలని లోపల తలుపు మీద ఒక కాగితం అంటించండి.

పరీక్షల రోజుల్లో

అప్పుడు బ్యాగులు బయటే ఉంటాయి, ఇంటి నుంచి తెచ్చుకున్న ప్యాడ్ కూడా చేతికి అందదు. అందుకని హాలుకు దగ్గరున్న టాయిలెట్‌లో ఆ పూటకు రెండో డబ్బా పెట్టండి. ఇన్విజిలేటర్లకు ముందు రోజే ప్రిన్సిపాల్ చేత చెప్పించండి: అమ్మాయి లేచి వెళ్తానంటే ఎందుకని అడగకుండా పంపాలని.