కోణంలోకి దిగే ముందు: యూనిట్ సర్కిల్ లెక్కల్లో జాగ్రత్తలు

ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు దగ్గరపడ్డాయి. టెక్కలి నుంచి బొబ్బిలి దాకా త్రికోణమితి తిరగేస్తున్న పిల్లలు పెన్ను పెట్టేముందు ఇవి చూసుకోండి. యూనిట్ సర్కిల్ అంటే అక్షాలు కలిసేచోట కేంద్రం పెట్టి, వ్యాసార్థం 1తో గీసిన వృత్తం; దాని మీద ఏ కోణానికైనా బిందువు (కాస్, సైన్).

రిఫరెన్స్ కోణం (కోణం చివరి గీతకూ ఎక్స్ అక్షానికీ మధ్య ఉండే చిన్న కోణం) ఎప్పుడూ ఎక్స్ అక్షం నుంచే. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. 240°కి 240 − 180 = 60° సరైనది. 270లోంచి తీసి 30° అన్నారా, సైన్, కాస్ విలువలు తారుమారవుతాయి. గుర్తులు సరిగానే ఉంటాయి కాబట్టి తప్పు కంటపడదు.

పెద్ద కోణంలోంచి 2పై (2π రేడియన్లు, అంటే 360°, ఒక పూర్తి చుట్టు) తీయండి, ఒక్క పై (π) కాదు. 17పై/6 − 2పై = 5పై/6. అది రెండో పాదం (అక్షాలు వృత్తాన్ని విడదీసే నాలుగు భాగాల్లో రెండోది), రిఫరెన్స్ కోణం పై/6, బిందువు (−√3/2, 1/2). ఒక్క పై మాత్రమే తీస్తే 11పై/6 వచ్చి, వృత్తానికి సరిగ్గా అవతలి కొసన (√3/2, −1/2) దగ్గర తేలతారు.

రుణ కోణానికి ముందు 360° కలపండి. −100° అంటే 260°, మూడో పాదం, రిఫరెన్స్ కోణం 80°. రెండో పాదం అనుకుంటే గుర్తు పోతుంది.

గుర్తు చివర్న పెట్టండి. రిఫరెన్స్ కోణం ఎప్పుడూ ధనాత్మకమే. మైనస్ బిందువుది, కోణానిది కాదు.

90°, 180°, 270°లకు పాదం వెతకొద్దు. నేరుగా (0, 1), (−1, 0), (0, −1).

ఇంట్లో ఫోన్ కాలిక్యులేటర్‌తో సరిచూస్తే డిగ్రీ మోడ్ చూడండి. సైన్ 30కి −0.988 వచ్చిందంటే అది రేడియన్లలో ఉన్నట్టే.

బిందువు రాశాక రెండు విలువల వర్గాలూ కూడండి: 3/4 + 1/4 = 1. ఒకటి రాకపోతే విలువే తప్పు. గుర్తు తప్పుని మాత్రం ఇది పట్టదు, పాదం మళ్ళీ చూసుకోవాల్సిందే.