అండమాన్ తీరంలో టేకు చేపని ఫొటో తీయడం ఎలా

హేవ్‌లాక్, నీల్ దీవుల (ఇప్పటి పేర్లు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్) చుట్టూ టేకు చేపలు (స్టింగ్‌రే, తోక మీద విషపు ముల్లుండే చదునైన చేప) నడుము లోతు నీళ్లలోనే కనిపిస్తాయి. డైవింగ్ సిలిండరు అక్కర్లేదు. మాస్క్, స్నార్కెల్ (ఊపిరి తీసుకునే గొట్టం), ఫిన్స్ (కాళ్లకి తొడిగే రెక్కలు), నీళ్లలో పనిచేసే కెమెరా ఉంటే చాలు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా, నీళ్లు తేటగా ఉంటాయి. మడ అడవులకీ కాలవల మొగలకీ దగ్గర్లో మాత్రం దిగొద్దు, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. ఏ బీచ్‌లో దిగొచ్చో ఆ రోజు లైఫ్‌గార్డునే అడగండి.

ముందు ఏ చేప కోసం వెతుకుతున్నారో తేల్చుకోవాలి. నీలిచుక్కల రిబ్బన్‌టెయిల్ టేకు చిన్నది, అడ్డంగా 35 సెం.మీ. మించదు. ఒళ్లు కోలగా ఉంటుంది, తోక రెండు పక్కలా నీలి చారలుంటాయి. ఇది ఆటు సమయంలో పగడపు బండల కింద దూరి ఉండి, పోటు ఎక్కుతుంటే ఇసక మీదకి మేతకొస్తుంది, అదీ ఎక్కువగా రాత్రిపూట. అందుకని పగటిపూట దీని కోసం ఇసకంతా గాలించి లాభం లేదు, బండల అంచుల కింద చూడండి. మాస్క్ రే అనే ఇంకో రకం టేకు అలా కాదు. గాలిపటం ఆకారంలో ఉండి, కళ్ల మీదుగా నల్లటి పట్టీతో, ఇసక కప్పుకుని పడుకుంటుంది. ఇసకలో కాస్త ఉబ్బిన అంచు, రెండు బుడిపెల్లాంటి కళ్లు, సన్నటి తోక గీత, కనిపించేది ఇంతే. కళ్ల వెనక రెండు రంధ్రాలు మెల్లగా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. నోరు, మొప్పలు అడుగున ఉంటాయి కాబట్టి ఇసకలో ఉన్నంతసేపూ ఆ రంధ్రాలతోనే నీళ్లు పీల్చుకుంటుంది. ఫోకస్ పెట్టాల్సింది కంటి మీద. రంధ్రం పూర్తిగా తెరుచుకున్న క్షణంలో నొక్కితే ఆ చేప బతికున్నట్టు ఫొటోలో తెలుస్తుంది.

నడిచేటప్పుడు అడుగెత్తి వేయకండి, పాదాలు ఇసకలో ఈడ్చుకుంటూ వెళ్లండి. ఆ కదలిక ముందే తెలిసి టేకు తప్పుకుంటుంది. ఎత్తి వేసిన కాలు నేరుగా దాని వీపు మీద పడితే తోక పైకి లేచి ముల్లు చీలమండలో దిగుతుంది. రబ్బరు బూట్లు వేసుకున్నామని ధీమా వద్దు, ముల్లు వాటిని చీల్చుకుని పోతుంది. పగడాల మీద కాలు అసలే పెట్టొద్దు.

చేప కనపడగానే నడక ఆపి నీళ్ల మీద తేలండి. ముందు వైపు నుంచి, కాస్త పక్కగా, మూడు నాలుగు మీటర్ల దూరంలో ఆగి ఒకటి రెండు నిమిషాలు ఊరుకోండి, అది బెదరకపోతేనే మెల్లగా దగ్గరికి జరగండి. లోతు వైపు దారి ఎప్పుడూ ఖాళీగా వదలాలి. దాన్ని ఒడ్డుకో బండకో నొక్కేసినట్టు నిలబడితే భయపడుతుంది. దాని పైన తేలడం అన్నిటికన్నా ప్రమాదం, సొరచేప లాంటి శత్రువు నీడ మీద పడ్డట్టే దానికి అనిపించవచ్చు. టీవీలో జంతువుల కార్యక్రమాలు చేసిన ఆస్ట్రేలియన్ స్టీవ్ ఇర్విన్ 2006 సెప్టెంబర్ 4న ఆస్ట్రేలియాలోని బాట్ రీఫ్ దగ్గర లోతు తక్కువ నీళ్లలోనే, ఛాతీలో టేకు ముల్లు దిగి చనిపోయాడు. చేప అంచులు పైకి లేపినా, తోక వంచి ఎత్తినా వెనక్కి వచ్చేయండి. ముట్టుకోవడం, మేత వేయడం, ఇసక తోడి లేపడం వద్దేవద్దు. మనవల్ల లేచి పారిపోతున్న చేప ఫొటో ఎంత బాగా వచ్చినా దాన్ని మంచి ఫొటో అనలేం.

ఉదయం తొమ్మిది, పది గంటల ఎండ మేలు. వెలుగు ఏటవాలుగా పడి చేప అంచులు తెలుస్తాయి. నడినెత్తి ఎండలో అల వెలుగులు వల గీతల్లా వీపు మీద పరుచుకుని చుక్కల్ని చెరిపేస్తాయి. షట్టర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గకుండా, అపర్చర్ ఎఫ్/8 దగ్గర, ఐఎస్‌ఓ 200 నుంచి 400 మధ్య మొదలుపెట్టండి. తెల్ల ఇసక ఫ్రేము నిండా ఉంటే కెమెరా మోసపోయి చేపని నల్లగా తీస్తుంది. ఎక్స్‌పోజర్ +0.3 నుంచి +0.7 దాకా పెంచి, ఇసక మరీ తెల్లబోలేదని సరిచూసుకోండి. రా ఫైల్ (RAW, కెమెరా దిద్దకుండా దాచే ఫొటో) తీస్తే రంగు తర్వాత దిద్దుకోవచ్చు. ఫ్లాష్ ఆపేయండి, నీళ్లలో తేలే నలకలన్నీ తెల్ల చుక్కలై పడతాయి. జూమ్ జోలికి పోవద్దు, మధ్యలో నీళ్లు ఎంత ఎక్కువైతే ఫొటో అంత పాలిపోతుంది. వైడ్ లెన్స్‌తో ఒక మీటరు దూరం, చేప కంటి ఎత్తుకి దగ్గరగా కెమెరా దించడం, ఈ రెండూ కుదిరితే సగం పని అయినట్టే. పైనుంచి తీసిన చేప నేల మీద మరకలా ఉంటుంది.

ఫిన్స్ కిందికి తన్నితే ఇసక లేచి అయిదు నిమిషాలు ఏమీ కనపడదు. ప్రవాహం చేప వైపు నుంచి మీ వైపుకి వచ్చేలా ఉండండి, లేచిన బురద మీ వెనక్కి పోతుంది.

ఫోన్ పౌచ్ అయితే లోపల టిష్యూ కాగితం పెట్టి పావుగంట బకెట్లో ముంచి చూశాకే ఫోన్ పెట్టండి. నీళ్లలో టచ్ పనిచేయదు, వాల్యూమ్ బటన్‌తో తీసేలా ముందే సెట్ చేసుకోవాలి. కెమెరా కేస్ రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసక రేణువు ఉన్నా నీళ్లు చొరబడతాయి. కేస్‌ని ఏసీ గదిలో, సిలికా జెల్ పొట్లం వేసి మూస్తే లోపల ఆవిరి పట్టదు.

ముల్లు గుచ్చుకుంటే ముందు ఒడ్డుకి చేర్చండి. రక్తం బాగా కారుతుంటే గాయాన్ని నొక్కిపట్టి ఆపాలి. ముల్లు ఛాతీలోనో, కడుపులోనో, మెడలోనో దిగితే పీకొద్దు, కదలకుండా ఉంచి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కాలో చెయ్యో అయితే 45 డిగ్రీలు దాటని వేడి నీళ్లలో 30 నుంచి 90 నిమిషాలు ముంచి ఉంచండి. వేడికి ఆ విషంలోని ప్రోటీను చెడి నొప్పి తగ్గుతుంది. నీళ్ల వేడి మాత్రం గాయపడ్డ మనిషి కాకుండా పక్కవాళ్లు చెయ్యి పెట్టి చూడాలి, నొప్పిలో ఉన్నవాళ్లకి కాలుతున్నది తెలియదు. బీచ్‌కి వెళ్లేటప్పుడే వేడి నీళ్ల ఫ్లాస్కు, చిన్న బకెట్ వెంట ఉంచుకోండి. నొప్పి తగ్గినా డాక్టరుకి చూపించాల్సిందే. ముల్లు ముక్క లోపల మిగిలితే గాయం చీము పడుతుంది, ఎక్స్‌రే, టెటనస్ ఇంజెక్షన్ అవసరం కావచ్చు.