కరెంటు పోతే ఫిష్ ట్యాంకు సంపు పొంగకుండా

ఇక్కడ సంపు అంటే ఇంటి ముందు నేలలో తవ్వించేది కాదు, ఫిష్ ట్యాంకు కింద స్టాండులో ఉండే ఫిల్టరు తొట్టి. మోటారు ఆగగానే, నీళ్లు పైకి పంపే పైపే వాటిని కిందికి లాగుతుంది. బండిలోంచి పెట్రోలు పైపు పెట్టి తీయడం చూసే ఉంటారు, ఇదీ అంతే. పైట్యాంకులోని పైపు మూతి నీళ్లలో మునిగి ఉన్నంతసేపూ ధార ఆగదు.

కాబట్టి ముందు ఆ మూతి ఎంత లోతులో ఉందో కొలవండి. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకులో అంగుళం నీరంటే సుమారు 14 లీటర్లు. మూతి 3 అంగుళాలు మునిగి ఉంటే 42 లీటర్లు దిగుతాయి. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు సంపులో అది 7 అంగుళాల ఎత్తు! మూతిని అర అంగుళం లోతుకి పైకి తెస్తే పని చాలావరకు అయిపోయినట్టే.

మూతి లోతులోనే ఉండాలనుకుంటే పైపుకి బెజ్జం పెట్టాలి. నీటి మట్టానికి అర అంగుళం కింద, 4 లేదా 5 మిల్లీమీటర్ల బిట్టుతో రెండు బెజ్జాలు, ట్యాంకు లోపలి వైపుకి. మట్టం అక్కడిదాకా దిగగానే గాలి దూరి ధార తెగిపోతుంది. రెండెందుకంటే, ఒకటి పాచి పట్టో, నత్త చేరో మూసుకుపోవచ్చు. వారానికోసారి పుల్లతో పొడవండి.

షాపులో ఎన్‌ఆర్‌వి, అంటే నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు, బిగించుకుంటే చాలంటారు. దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. రెక్క కింద చిన్న ఇసుక రేణువు ఇరుక్కున్నా నీరు ఊరుతూనే ఉంటుంది. పది నిమిషాల కోతలో అది కనబడదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. గంటకి 2 లీటర్లు కారే వాల్వయినా 21 గంటల్లో ఆ 42 లీటర్లూ దింపేస్తుంది. పెట్టుకుంటే యూనియన్‌తో (మరతో విప్పే పైపు జాయింటుతో) పెట్టండి, విప్పి కడుక్కోవచ్చు.

పరీక్ష ఎన్‌ఆర్‌వి తీసేసి చెయ్యాలి. మోటారు ఆపి, ధార పూర్తిగా తెగేదాకా ఆగండి. పైట్యాంకు నుంచి నీళ్లు కిందికి దిగే ఓవర్‌ఫ్లో గడిలోని నీళ్లు, పైపుల్లోని నీళ్లు కూడా దిగుతాయి. అప్పటికి సంపు అంచు కింద 2 అంగుళాలు ఖాళీ మిగలాలి. మిగలకపోతే తోడేయండి. తర్వాత మోటారు వేసి, మట్టం కుదురుకున్నాక సంపులో మోటారు ఉండే గదిలో మార్కరుతో గీత గీయండి. ఆవిరైన నీళ్లు ఆ గీత దాకానే పొయ్యాలి, అదీ మోటారు నడుస్తున్నప్పుడే.

ట్యాంకుకి బెజ్జం కొట్టించకుండా యూ పైపుతో నీళ్లు దింపేవాళ్లకి కరెంటు వచ్చినప్పుడే అసలు గండం. యూ పైపులో గాలి చేరితే నీళ్లు కిందికి రావు, మోటారు మాత్రం పైకి తోస్తూనే ఉంటుంది. మోటారు గదిలోని నీళ్లన్నీ ఎక్కినా పైట్యాంకు అంచు దాటకుండా ఖాళీ ఉంచుకోవాలి.

గాలి మోటారు నేలమీద ఉంటే దాని గొట్టంలోంచీ నీళ్లు దిగుతాయి. దాన్ని నీటి మట్టానికి పైన పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుని సంపు పక్కన గచ్చుమీద ఎప్పుడూ ఉంచకండి, గోడకి ఎత్తులో బిగించండి.